నీ పితరులు ఎక్కడనుండి వచ్చిరి?

ధ్యాన భాగము: ద్వితీయోపదేశకాండము 26:1–11



మన సంఘములలో ఏటేట కోత పండుగ ఆచరించుచున్నాము. గుమ్మడికాయలు, అరటి గెలలు, చెరకు గడలు, బియ్యము తెచ్చి దేవుని సన్నిధిని పేర్చుచున్నాము. ఆరాధన ముగిసిన పిమ్మట వేలము వేసి, వచ్చిన సొమ్మును పరిచర్యకు ఉపయోగించుచున్నాము. ఇది మంచి ఆచారము. అయితే పట్టణములలో స్థిరపడిన మనలో సొంత పొలము గలవారు ఎందరు? ఆ గుమ్మడికాయ బజారులో కొన్నది. ఆ బియ్యము కొట్టునుండి తెచ్చినది. నాగలి పట్టినవారు మన తాతముత్తాతలు. వారు పట్టిన నాగలియు, దున్నిన పొలమును చాలమట్టుకు వారివి కావు.

మోషే ధర్మశాస్త్రములో ప్రథమ ఫలములను గూర్చిన ఆజ్ఞను చదివినప్పుడు, దేవుడు గంపను మాత్రమే అడుగలేదని తెలియుచున్నది. గంపతో కూడ ఒక మాటను అడిగెను. యాజకుడు గంపను బలిపీఠము ఎదుట ఉంచిన తరువాత, దానిని తెచ్చిన రైతు ఊరక వెళ్లిపోకూడదు. నిలువబడి తన వంశవృత్తాంతము చెప్పవలెను. తన పితరుడు నిలువ నీడలేక తిరిగిన అరామీయుడనియు, కొద్దిమందితో ఐగుప్తునకు వెళ్లెననియు, అక్కడ కష్టపడెననియు, మొఱ్ఱపెట్టగా దేవుడు వినెననియు అతడు బహిరంగముగా ఒప్పుకొనవలెను. ఆ మాట పలికిన పిమ్మటనే పండుగ భోజనము.

ఇందులో ఒక సంగతి గమనింపుడి. ఆ రైతు మొదట తన పితరుని గూర్చి ‘అతడు’ అని చెప్పును. కష్టముల సంగతి వచ్చునప్పటికి ‘మేము’ అనును. ఐగుప్తీయులు మమ్మును బాధించిరని చెప్పును. ఆ రైతు ఐగుప్తును కన్నులార చూచి యుండడు, ఇటుక మోసి యుండడు. అయినను తన తాతల వీపుమీద పడిన దెబ్బను తన వీపుమీద పడినట్టే చెప్పవలెనని దేవుడు నియమించెను. పితరులను వెదకుట అనగా ‘వారు’ అను మాటను ‘మేము’ అని మార్చుకొనుటయే. ఈ నెల ధ్యానములో మనము ఆలోచింపవలసినది ఇదే.

పొలము విడిచి పట్టణమునకు

వ్యవసాయమును, మందలను విడిచి పట్టణములలో కూలికి వెళ్లినవారి చరిత్ర మనతో ఆరంభము కాలేదు. యాకోబు ఇంటివారు కరువు వలన ఐగుప్తునకు వెళ్లిరి. ఆదికాండము 46వ అధ్యాయము వారి పేరులను వరుసగా వ్రాసి, మొత్తము 70 మంది అని లెక్క చెప్పుచున్నది. వారు గొఱ్ఱెల కాపరులు. నిర్గమకాండము తెరచునప్పటికి వారి సంతతివారు పీతోము, రామెసేసు పట్టణములను కట్టుచు, మన్ను తొక్కి ఇటుకలు చేయుచున్నారు. మందలు కాచిన చేతులు బట్టీ పనిలో పడినవి. దినమునకు ఇన్ని ఇటుకలని లెక్క, లెక్క తగ్గినయెడల దెబ్బలు.

మన పితరుల త్రోవయు ఇట్టిదే. ధాత నామ సంవత్సరమున, అనగా 1876–77లో, వానలు లేక చెన్నపట్టణము రాజధానిలో గొప్ప కరువు కలిగెను. మన పెద్దలు దానిని ధాత కరువు అనిరి. ఒంగోలులో సేవ చేయుచున్న జాన్ క్లౌ దొరగారు కరువు పనిగా త్రవ్వబడుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగమును ఒప్పందమునకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి పని కల్పించిరి. పని జరిగినంత కాలము ఆయన బాప్తిస్మములు ఇయ్యలేదు. కూలికొరకు క్రీస్తును ఒప్పుకొనిరను మాట రాకూడదని ఆయన అట్లు చేసెను. పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వేలంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది ఒక్క దినమున బాప్తిస్మము పొందిరి. ఆ దినమును ఎరుగని తెలుగు బాప్తిస్టు ఇల్లు ఉండదు. వారిలో అధికులు ఊరి వెలుపలి పల్లెలలో కాపురముండి, పరుల పొలములలో పాలేర్లుగా పని చేసి, తోలు ఊనినవారు, చెప్పులు కుట్టినవారు. వారికి మొదట సువార్త మోసికొనిపోయిన యెర్రగుంట్ల పేరయ్యగారును తోళ్ల వ్యాపారము చేసిన మనిషే.

అదే 1878వ సంవత్సరమున జూయెట్ దొరగారు చెన్నపట్టణమునకు వచ్చి ఇక్కడి తెలుగువారి మధ్య మన మిషను పరిచర్య ప్రారంభించిరి. 1854 జనవరి 1న ఒంగోలు కొండమీద ప్రార్థించిన జూయెట్ దొరగారు ఆయనే. ఆ దినములలోనే మన పురసవాక్కమునకు ఉత్తరమున, పెరంబూరు దిక్కున, బిన్నీ కంపెనీవారి బకింగ్‌హాం మిల్లు పని ఆరంభించెను. కాలువకు ఏ గవర్నరు పేరు పెట్టబడెనో మిల్లుకును ఆ పేరే. 1880లలో కర్నాటిక్ మిల్లు వచ్చెను. 1920లో ఆ రెండును ఏకమాయెను. పెరంబూరులో రైలు కర్మాగారము 1856 నాటినుండి ఉన్నది. 1899లో చెన్నపట్టణమునుండి నెల్లూరు, ఒంగోలు మీదుగా బెజవాడ వరకు రైలు మార్గము కలిసెను. పెదగంజాము మొదలుకొని చెన్నపట్టణము దాటి పోవు కాలువలో పడవలు బియ్యము, ఉప్పు, కట్టెలు మోసికొని వచ్చుచుండెను.

కరువు ఒకవైపు తరిమినది, త్రోవ మరియొకవైపు తెరవబడినది. నెల్లూరు, ఒంగోలు సీమలనుండి పాలేర్లు, కూలీలు బయలుదేరి వచ్చిరి. మిల్లులో కొందరు, రైలు కర్మాగారములో కొందరు, పెరియమేడు తోళ్ల మండీలలో కొందరు, నగరపు పారిశుద్ధ్య పనిలో అనేకులు, బంగళాలలో వంటవారుగాను ఆయాలుగాను మరికొందరు కుదిరిరి. సూళై, పులియంతోపు, ఓట్టేరి, పట్టాళం, అయనావరం, పురసవాక్కం ప్రాంతములలో తమిళ సహోదరుల పక్కన మన తెలుగు ఇండ్లు లేచినవి. కోడి కూతతో లేచి ప్రొద్దు గ్రుంకువరకు పనిచేసినవారు ఇప్పుడు ఊదరగొట్టము కూతకు లేచి, గడియారము చెప్పినట్టు నడిచిరి. ఆదివారము మాత్రము తెల్లబట్ట కట్టి తెలుగులో ప్రార్థించిరి. మన సంఘములకు పునాది ఇదే.

వ్రాయబడినవారు, వ్రాయబడనివారు

ఇప్పుడు మన పిల్లలలో కొందరు తమ పితరులు ఏ ఊరివారని అడుగుచున్నారు. వారికి ఉత్తరము చెప్పుట అంత సులభము కాదు. ఎందుచేతనో కొంచెము ఆలోచింతము.

1860 నవంబరు 16న చెన్నపట్టణమునుండి బయలుదేరిన ట్రూరో అను ఓడ దక్షిణ ఆఫ్రికాలోని డర్బన్ రేవు చేరెను. అదిమొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది ఒప్పంద కూలీలుగా నేటాలునకు కొనిపోబడిరి. వారిలో అధికులు ఎక్కినది చెన్నపట్టణపు రేవులోనే, వారిలో తెలుగువారును అనేకులు. గుమాస్తా ప్రతివానికి ఒక అంకె ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది పుట్టుమచ్చ కూడ వ్రాసెను. ఆ పుస్తకములు నేటికిని ఉన్నవి. నేటాలు తెలుగు కుటుంబమువాడు ఒకడు తన ముత్తాత అంకెను తెలిసికొనగలిగినయెడల, ఆయన నెల్లూరు జిల్లాలో ఏ పల్లెనుండి వచ్చెనో కనుగొనగలడు. 1903లో మన తెలుగు బాప్తిస్టు సంఘములు నెల్లూరు వాస్తవ్యుడైన జాన్ రంగయ్యగారిని నేటాలునకు పంపగా, ఆయన ఆ తోటల కూలీల మధ్యనే సంఘమును స్థాపించెను.

సముద్రము దాటినవారు కట్టుబడినవారు గనుక వ్రాయబడిరి. చెన్నపట్టణమునకు వచ్చిన మనవారిని ఎవరును ఆపి ఊరి పేరు అడుగలేదు. కాలినడకను వచ్చినవాడు, పడవలో ఒక మూలను కూర్చుండి వచ్చినవాడు, మూడవ తరగతి పెట్టెలో నిలువబడి వచ్చినవాడు ఏ పుస్తకములోను లేడు. గ్రామములో అడంగలు లెక్కలు వెదకుదమన్నను, అవి భూమి గలవారి పేరులను ఎరుగునుగాని దున్నిన పాలేరు పేరును ఎరుగవు.

మరియొక అడ్డు మన పేరులలోనే ఉన్నది. తెలుగు దేశమున ఇంటిపేరు తరతరములు నిలుచును. ఈ పట్టణమున ఇంటిపేరు విడిచి, తండ్రి పేరులోని మొదటి అక్షరము పెట్టుకొను వాడుక మనకును పట్టినది. తాతకు ఒక అక్షరము, తండ్రికి ఒక అక్షరము, కుమారునికి మరియొక అక్షరము. మూడవ తరమున ఇంటిపేరు ఎవరికిని జ్ఞాపకము లేదు. దానికి తోడు బాప్తిస్మమప్పుడు అనేకులు క్రొత్త పేరులు పెట్టుకొనిరి. కోటయ్య అనువాడు యోహానాయెను, ఎల్లమ్మ అనునామె సారమ్మయాయెను. పల్లెలో కోటయ్యను ఎరిగినవారు యోహానును ఎరుగరు.

ఎట్లు వెదకవలెను?

అయినను త్రోవ పూర్తిగా మూయబడలేదు. మన సంఘములకు ఉపయోగపడునట్లు కొన్ని సంగతులు చెప్పుచున్నాము.

మొదటిది, సజీవులైన పెద్దలు. ఎనుబది ఏండ్లు దాటిన తల్లులు, తండ్రులు ప్రతి సంఘములోను ఉన్నారు. వారియొద్దకు కాగితము, కలము తీసికొని పోవుడి. మీ ఊరేది అని మాత్రమే అడిగి ఊరకుండవద్దు. పక్క ఊరేది, ఏ వాగు, ఏ చెరువు, ఏ సంతకు పోయెడివారు, ఏ ఊరినుండి కోడళ్లను తెచ్చుకొనిరి, ఏ దొరగారు బాప్తిస్మమిచ్చిరి అని అడుగుడి. వారు సంవత్సరమును అంకెతో చెప్పకపోవచ్చును. ధాత కరువునాడనో, గొప్ప గాలివాననాడనో చెప్పుదురు. తెలుగు సంవత్సరముల పేరులు అరువది ఏండ్లకు ఒకమారు తిరిగి వచ్చును గనుక, 1876–77 ధాతయా, 1936–37 ధాతయా అని సరిచూచుకొనుడి.

రెండవది, సంఘపు పుస్తకములు. మనము శిశువులకు బాప్తిస్మమియ్యము గనుక మన పుస్తకములలో పుట్టిన తేదీకి బదులు బాప్తిస్మపు తేదీ ఉండును. ఒక సంఘమునుండి మరియొక సంఘమునకు వచ్చినవారు తెచ్చిన సభ్యత్వ బదిలీ పత్రికలు అంతకంటె విలువైనవి. పల్లెనుండి పట్టణమునకు వచ్చిన అడుగుజాడ ఆ పత్రికయే. ఏ సంఘమునుండి వచ్చెనో తెలిసినయెడల ఏ పల్లెయో తెలియును.

మూడవది, వివాహపు పుస్తకములు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము వ్రాయబడిన వివాహములలో వధూవరుల వయస్సు, వృత్తి, నివాసము, తండ్రి పేరు వ్రాయబడును. మిల్లు కూలి అనియో, రైలు కర్మాగారపు పనివాడనియో వ్రాసియుండిన ఒక్క మాట మీ కుటుంబపు కథలో ఒక అధ్యాయము కాగలదు. అట్లే రైలులో పనిచేసినవారి సర్వీసు పుస్తకములలో తండ్రి పేరు, సొంత ఊరు కనబడవచ్చును. కిల్పాకు మొదలైన సమాధుల తోటలలో ఉండు పుస్తకములును, రాళ్లమీది వ్రాతలును చూడదగినవి.

నాలుగవది, జిల్లాల మార్పు. తాత నెల్లూరు జిల్లా అని చెప్పెను, ఊరు చూడగా ప్రకాశము జిల్లాలో ఉన్నది అని కలవరపడవద్దు. 1904 వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున గుంటూరు జిల్లా ఏర్పడి అందులో కలిసెను. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు సీమలు 1970 వరకు నెల్లూరు జిల్లాలోనే ఉండెను. ఆ యేట ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో దానికి ప్రకాశము అని పేరు వచ్చెను. తరువాతను ఎల్లలు మారినవి. ఊరు కదలలేదు, గీత కదలినది. పాత రాజధాని కాగితములు అనేకము మన పురసవాక్కమునకు దగ్గరనే, ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పురావస్తు పత్ర భాండాగారములో ఉన్నవి. చదువుకొనిన మన యౌవనస్థులు ఇట్టి పనికి సిద్ధపడుట మంచిది.

కాగితము చెదలుపట్టును, పెద్దలు నిద్రించుదురు. ఆలస్యము చేయుటకు కాలము లేదు.

సిగ్గుపడుటయా, అతిశయించుటయా?

ఇక్కడ కొందరు రెండు అభ్యంతరములు చెప్పుదురు. క్రీస్తునందున్నవాడు నూతన సృష్టి గదా, పాతవి త్రవ్వుట ఎందుకు అందురు. మరియు పౌలు తిమోతికిని తీతునకును వ్రాయుచు మితములేని వంశావళులను విడిచిపెట్టుమని చెప్పెను గదా అందురు. ఈ రెండు మాటలును ఆలోచింపదగినవి.

పౌలు ఖండించినది వంశమును బట్టి వాదములాడి అతిశయించుటను. మనము వెదకుచు పోగా పాలేరు దొరుకును, వెట్టివాడు దొరుకును, పరిగె ఏరుకొనిన విధవరాలు దొరుకును. అటువంటి వంశావళితో ఎవడును గర్వింపలేడు, దేవుని స్తుతింపగలడు. మత్తయి తన సువార్త మొదటనే రాహాబు పేరును, మోయాబునుండి వచ్చి బేత్లెహేము చేలలో పరిగె ఏరుకొనిన రూతు పేరును దాచకుండ వ్రాసెను. ప్రభువు వంశావళిలో కూలినాలి చేసిన స్త్రీ ఉండగా, మన వంశావళిలో ఉన్నందుకు మనకేమి సిగ్గు?

నూతన సృష్టి అనగా పాత సంగతిని మరచిపోవుట కాదు, దాని బంధకమునుండి విడుదల పొందుట. యోసేపు సహోదరుల మాట జ్ఞాపకము చేసికొనుడి. గొఱ్ఱెల కాపరులు ఐగుప్తీయులకు హేయులని యోసేపు వారికి ముందుగానే చెప్పెను. అయినను ఫరో వారి వృత్తిని అడిగినప్పుడు వారు మాట మార్చలేదు. మేమును మా పితరులును మందలు కాచువారమే అని ఉత్తరమిచ్చిరి (ఆదికాండము 47:3). రాజు సముఖమున, ఆ రాజు అసహ్యించుకొను వృత్తిని, వెరపులేక చెప్పిరి. మన పిల్లలను కళాశాలలోను, కార్యాలయములోను మీ పెద్దలు ఏమి చేసెడివారని ఎవరైన అడుగుదురు. వారి నోట ఆ ధైర్యము ఉండవలెనన్నచో, ఇంటిలో మనము ముందు చెప్పియుండవలెను. చెప్పని ఇంటిలో పిల్లవాడు ఒక్కటే నేర్చుకొనును: ఇది దాచవలసినదని.

పాత పుస్తకములలో మాలపల్లె అనియో, మాదిగపల్లె అనియో వ్రాసియుండుట కనబడును. ఊరివారు ఊరిలోను మనవారు ఊరి వెలుపలను. అది చదివినప్పుడు కొందరికి మనస్సు నొచ్చును. అప్పుడు హెబ్రీ పత్రిక 13వ అధ్యాయమును తెరువుడి. మన ప్రభువు గవిని వెలుపల శ్రమపడెనని అక్కడ ఉన్నది. ఆయనయొద్దకు పోవుటకు విశ్వాసులు పాళెము వెలుపలికి పోవలసియున్నది. మన పితరులు ఎక్కడికిని పోనక్కరలేకపోయెను. వారు అప్పటికే వెలుపల నుండిరి, ప్రభువు వారున్నచోటికే వచ్చెను. ఇట్టి స్థలమును దాచుకొనుట ఎందుకు?

ఎంత వెదకినను దొరకనివారు ఉందురు. ఇంటిపేరు పోయినది, ఊరు తెలియదు, పుస్తకము కాలిపోయినది. అట్టివారు ఎజ్రా 2వ అధ్యాయము చదువవలెను. బబులోనునుండి తిరిగి వచ్చినవారి పట్టికలో, తమ పితరుల ఇల్లు ఏదో చూపలేకపోయిన 652 మంది ఉన్నారు. వారు వంశమును రుజువు చేయలేదు. అయినను వారిని విడిచిపెట్టి పట్టిక ముగియలేదు. వారిని కూడ లెక్కించి, లెక్కలో వ్రాసిరి. తన ముత్తాత పేరు ఎరుగని సహోదరుడా, నీవు ఆ 652 మందితో కూడ నడుచువాడవు. మీ పేరులు పరలోకమందు వ్రాయబడియున్నందుకు సంతోషించుడని ప్రభువు చెప్పినది నీతోను చెప్పెను.

ఇప్పుడు పరదేశి ఎవరు?

మన ధ్యాన భాగము 11వ వచనముతో ముగియుచున్నది. వంశవృత్తాంతము చెప్పి ముగించిన రైతు లేవీయునితోను, తన మధ్యనున్న పరదేశితోను కలిసి సంతోషింపవలెనని అక్కడ ఉన్నది. పరదేశి పండుగకు రావలెనన్నచో, ఆ ఇంటివాడు తన తండ్రియు పరదేశియే అని ఎరిగి యుండవలెను. అందుచేతనే దేవుడు మొదట ఆ మాట చెప్పించెను.

బకింగ్‌హాం కర్నాటిక్ మిల్లు 1996లో మూతబడినది. ఆ స్థలములో ఇప్పుడు ఎత్తైన మేడలు లేచినవి. వాటిని కట్టుటకు రాళ్లెత్తినవారు ఒరిస్సా, బీహారు, బెంగాలు, జార్ఖండు పల్లెలనుండి వచ్చిన పొలము కూలీలు. మన పురసవాక్కం వీధుల క్రింద మెట్రో రైలు మార్గము త్రవ్వుటకు వచ్చినవారును అట్టివారే. వారి త్రవ్వకమును చూచినప్పుడు మన పితరుల కాలువ జ్ఞాపకము రావలెను. 2020 మార్చిలో దేశమంతట రాకపోకలు నిలిచిపోయినప్పుడు, అట్టి కూలీలు మూటలు నెత్తిన పెట్టుకొని, పిల్లలను చంకనెత్తుకొని, వందల మైళ్లు నడిచి సొంత ఊళ్లకు పోయిరి. ఏ పుస్తకములోను వ్రాయబడక మన పితరులు వచ్చిన త్రోవ ఎట్టిదో ఆ దినములలో మనకు తెలియవచ్చెను.

వారిలో మన తెలుగు సీమనుండి వచ్చినవారును ఉన్నారు. మేస్త్రీ వెంట వచ్చి, రేకుల షెడ్డులో కాపురముండి, పని ముగియగానే మరియొక ఊరికి పోవుదురు. వారి భాష మన భాష. కాని మన ఆలయపు గడప వారికి దూరము. నూరు సంవత్సరములు ఇక్కడ స్థిరపడిన సంఘమునకు సొంత కుర్చీలు, సొంత వరుసలు ఏర్పడును. క్రొత్తవాడు వెనుక నిలువబడి, ఎక్కడ కూర్చుండవలెనో తెలియక తిరిగి పోవును. పితరులను మరచిన సంఘములో జరుగు నష్టము ఇదే. పట్టిక పోయిన నష్టము చిన్నది, తలుపు మూయబడుట గొప్ప నష్టము.

గనుక మా మనవి ఇది. రాబోవు కోత పండుగనాడు ప్రతి సంఘములో మూడు కుటుంబములనైనను పిలిచి, గంపను బల్లయెదుట ఉంచునప్పుడు మూడు మాటలు చెప్పించుడి. మా పితరులు ఫలాని ఊరినుండి, ఫలాని పని విడిచి వచ్చిరి. ఇక్కడ ఫలాని పని చేసిరి. దేవుడు మమ్మును ఇంతవరకు నడిపించెను. అంత చాలును. ఊరు తెలియనివారు తెలియదనియే చెప్పి, దేవునికి తెలియునని చెప్పవచ్చును. ఆ మాటలను సంఘ కార్యదర్శి ఒక పుస్తకములో వ్రాయవలెను. ఆ దినపు వేలములో ఒక భాగమును పరదేశులైన కూలీలకొరకు ప్రత్యేకించి, వారిలో కొందరిని ఆ మధ్యాహ్నపు భోజనమునకు పిలువవలెను. వారి పక్కన కూర్చుండి, మీ ఊరేది అని అడుగుడి. ఆ ప్రశ్నకు కలుగు ఉత్తరములను వ్రాసికొనువారు వారికి ఎవరును లేరు.

ప్రార్థింతము. మా పితరుల దేవా, కరువులో వారిని విడువక, కాలువ గట్టునను, మిల్లు గుమ్మమునను, రైలు కర్మాగారమునను వారితోకూడ ఉన్నందుకు నీకు స్తోత్రములు. వారి పేరులలో మేము మరచినవి నీవు మరువలేదు. మా పిల్లల నోట సిగ్గును తీసివేయుము. మా గడపయొద్ద నిలిచిన పరదేశిని మా పితరునివలె చేర్చుకొను మనస్సు మాకు దయచేయుము. నిలువరమైన పట్టణము ఇక్కడ లేనివారమని జ్ఞాపకము చేసికొని, రాబోవుదానికొరకు కనిపెట్టుకొనుటకు కృపనిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.

మన ప్రభువైన యేసుక్రీస్తు కృప మీకందరికిని తోడైయుండును గాక.